చేప తినని పదకొండు రోజులు

మా ఇంట్లో చేప తినడం మానేసింది ఒక శుక్రవారం. బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు నేనూ తినలేదు. ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలం శుక్రవారాల్లో సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండడం మా అమ్మ కాలం నుంచీ మాకు అలవాటు. ఒంటిపూట బడులు మొదలైపోయాయి కాబట్టి, చాపాడు పక్కన నేను పనిచేసే బడి నుంచి ఎండలో పడి మధ్యాహ్నానికల్లా ప్రొద్దుటూరులో ఇంటికి చేరాను. మా ఆయన ముందుగదిలో అద్దాల తొట్టి దగ్గరికి కుర్చీ లాక్కుని కూచుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద, పొద్దున నేను పెట్టిపోయిన గిన్నె, మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఏంది, తినల్యా?" అన్నాను.

ఆయన తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "అది తినల్యా."

నాకు గుండె జారిపోయింది. ఒక చేప తినకపోతే ఒక ఆడమనిషికి గుండె ఎందుకు జారాలో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మా ఆయన బస్సు డ్రైవరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడూళ్ల మధ్య ఆయనకు తెలియని గుంత లేదు. మనిషి కంటే ముందు గొంతు వచ్చేది ఇంట్లోకి. చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే ఇంక మైకు ఎందుకు అనేవాళ్లు. అంత గొంతున్న మనిషి, స్టీరింగు ముందు కునుకు రాకుండా ఉండాలని, ఏళ్ల తరబడి కుడి దవడలో ఖైనీ పెట్టుకున్నాడు. నేను అరిచాను, అలిగాను, దొరికిన పొట్లం దొరికినట్టు పెంటకుప్పలో పారేశాను. ఆయన నవ్వి ఇంకోటి తెచ్చుకున్నాడు. చివరికి దవడ లోపల మానని పుండు లేచింది. దూరపు ఊరికి తీసుకుపోయి కోయించాము. ఆ తర్వాత వారాల పాటు కరెంటు, అంటే రేడియేషను, పెట్టించాము. జబ్బు పోయిందన్నారు. పోతూ పోతూ ఆయన నోట్లో తడినీ, నాలుక మీది రుచినీ తీసుకుపోయింది.

ఇంటికొచ్చాక తిండి దగ్గరే మా ఇద్దరికీ యుద్ధం. ఏది పెట్టినా ఇసుక నమిలినట్టుందనేవాడు. రెండు ముద్దలు, అంతే, లేచిపోయేవాడు. డాక్టరు ఒకే మాట చెప్పి పంపాడు: ఈ మనిషి తింటే బతుకుతాడు, తినకపోతే మా చేతుల్లో ఏమీ లేదు. నేను బతిమాలాను, తిట్టాను, పిల్లలకు కథలు చెప్పినట్టు చెప్పాను. ఏదీ పనిచేయలేదు. చివరికి విసుగొచ్చి, ఒకరోజు బడి నుంచి వస్తూ ఒక అద్దాల తొట్టీ, ఒక్కటంటే ఒక్క నారింజరంగు చేపా కొనుక్కొచ్చాను. చేప కనబడితే పులుసు గుర్తొచ్చే మనిషి మా ఆయన. "దీన్ని ఎప్పుడు కోస్తావు?" అన్నాడు.

"కోసేది కాదు. పొద్దున్నా సాయంత్రం దానికి నాలుగు గింజలు ఎయ్. అది తింటాంటే నువ్వు గూడ తినల్ల. ఒంటిగా తినబుద్ధి కాదంటివి గదా, తోడు తెచ్చినా."

ఏమనుకున్నాడో, సరేనన్నాడు. అక్కడి నుంచి అదే మా ఇంటి పద్ధతి అయిపోయింది. ముందు చేపకు వేసేవాడు. అది పైకొచ్చి గుటుక్కున మింగేది. అప్పుడు ఈయన గిన్నె మూత తీసేవాడు. దానికో గింజ, తనకో ముద్ద. చందమామను చూపించి బిడ్డలకు తినిపిస్తారు, టీచరమ్మ చేపను చూపించి మొగునికి తినిపిస్తాంది అని వీధిలో నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. కొన్ని నెలలు గడిచేసరికి తగ్గుతున్న ఒళ్లు ఆగింది. కొంచెం కండ కూడా పట్టింది. రేషన్ కార్డులో పేరు లేకపోయినా ఆ చేప మా ఇంట్లో మూడో మనిషి అని నేనే అందరికీ చెప్పుకునేదాన్ని.

అందుకే ఆ శుక్రవారం నాకు అంత భయం.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. చేప గుండెకు రెండు గదులని బోర్డు మీద కళ్లు మూసుకుని గీస్తాను. మొప్పలు, పొలుసులు, తేలేందుకు లోపల ఉండే గాలితిత్తి, అన్నీ నాకు నోటికొచ్చు. నాలుగోరోజు బడి ల్యాబు నుంచి భూతద్దం తెచ్చుకుని, ఫోను లైటు వేసుకుని, తొట్టి ముందు మోకాళ్ల మీద కూచున్నాను. ఒంటి మీద తెల్లచుక్కలు ఉన్నాయా? లేవు. రెక్కల అంచులు చీకిపోయాయా? లేదు. పొట్ట ఉబ్బిందా, పొలుసులు లేచాయా? లేదు. ఏ రోగమూ కనబడదు. కానీ అది తొట్టి అడుగున ఒక మూలకు చేరి, రెక్కలు ముడుచుకుని కదలకుండా ఉంది. గింజ ముక్కు ముందు పడితే ఒక్కోసారి నోట్లోకి తీసుకుంటుంది, తీసుకున్నట్టే ఊసేస్తుంది.

"మింగుడు పడల్యేమో దానికి," అన్నాడు మా ఆయన వెనకనుంచి.

"నువ్వు ఊరుకో. నోరు బాగనే ఉంది, చూసినా."

"నోరు బాగుంటే గొంతు బాగున్నెట్లేనా?"

నాకు తిక్కరేగింది. "బయాలజీ నువ్వు చెప్తాండావా నేను చెప్తాండానా? నువ్వు తిను ముందు."

"అది తిననీ. తింటాలే."

ఇదే మాట. పొద్దున అడిగినా ఇదే, సాయంత్రం అడిగినా ఇదే. మజ్జిగ ఇస్తే నాలుగు గుక్కలు తాగేవాడు, రాగిజావ పల్చగా చేసిస్తే సగం గ్లాసు. ముద్ద అన్నది మాత్రం ముట్టడు. నేను మొదట మొండితనం అనుకున్నాను. తర్వాత ఆ చేప మీద ఇంత ప్రేమ పెట్టుకున్నాడా అని జాలిపడ్డాను. ఒక రోజు మాత్రం తట్టుకోలేక, "మనిషివా చేపవా నువ్వు? దానికి జ్వరమొస్తే నీకు మాత్రలేయాల్నా?" అని అరిచాను. ఆయన నవ్వాడు. ఆపరేషను తర్వాత ఆయన నవ్వు ఒకవైపే వస్తుంది. ఆ సగం నవ్వు చూసి నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఇంక వైద్యం మొదలుపెట్టాను. ఫోనులో ఎవరో మలబద్ధకం అన్నారు. బఠానీలు ఉడకబెట్టి, తోలు తీసి, గోటితో చిదిమి వేశాను. ఇంకెవరో బూజు తెగులు అన్నారు. ప్రొద్దుటూరులో చేపలమ్మే అంగడికి పోయి, నీలం మందు తెచ్చి చుక్కలు వేశాను. తొట్టంతా సిరా కలిపినట్టు అయింది, చేప కనబడకుండా పోయింది. అంగడాయన, "మేడమ్, నీళ్లు మార్చండి, ఎన్నిసార్లు మారిస్తే అంత మంచిది," అన్నాడు. రోజు మార్చి రోజు మార్చేదాన్ని కాస్తా రోజూ మార్చాను. తర్వాత రోజుకు రెండుసార్లు. బడి నుంచి రావడం, కొంగు దోపుకోవడం, తొట్టి కడగడం, కాచి చల్లార్చిన నీళ్లు నింపడం. ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దకుండా అట్లే పడి ఉన్నాయి. ఎంత శుభ్రం చేస్తే అది అంత అడుక్కు చేరింది. ఒకసారి కోపం పట్టలేక అద్దం మీద అరచేత్తో కొట్టాను. "తింటావా, చస్తావా?" అని అడిగాను దాన్ని. అది కొంచెం పక్కకు జరిగింది. అంత నిస్సహాయంగా నేను ఆపరేషను గది బయట కూడా నిలబడలేదు. అక్కడ కనీసం చేసేవాళ్లు వేరే ఉన్నారు. ఇక్కడ చేసేదాన్ని నేనే, ఏం చేయాలో తెలియనిదాన్నీ నేనే.

ఎనిమిదో రోజు మళ్లీ శుక్రవారం. చర్చిలో ఉపవాస ప్రార్థనలో పాస్టరు అయ్యగారు, ఎవరికైనా ప్రార్థన అవసరతలుంటే చెప్పండి అన్నాడు. ఒకామె కొడుకు ఉద్యోగం గురించి చెప్పింది, ఇంకొకామె మోకాళ్ల నొప్పులు చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. మా చేప తినడం లేదు, దానికోసం ప్రార్థన చేయండి అని చెప్పాలి. నోరు రాలేదు. అంతమంది పెద్దవాళ్లలో, శ్రమకాలంలో, చేప కోసం అడిగితే ఏమనుకుంటారు? "మా ఆయన తినడం లేదు" అని మాత్రం చెప్పి కూచున్నాను. అందరూ కళ్లు మూసుకుని, ఆయన పేరు పెట్టి, ఆయన గొంతు కోసం, ఆయన కడుపు కోసం కన్నీళ్లతో ప్రార్థించారు. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను మాత్రం తలొంచుకుని, దేవా, వాళ్లు తెలియక అడుగుతున్నారు, నువ్వు చేపను చూడు అని లోపల అనుకున్నాను. మందిరంలో దొంగసాక్ష్యం చెప్పినట్టు ఆ సాయంత్రమంతా సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు శనివారం. పులివెందులలో పశువుల డాక్టరు ఒకాయన ఉన్నాడని, దేన్నైనా ఓపికగా చూస్తాడని బడిలో ఒక టీచరు చెప్పింది. బడి వదలగానే ఇంటికొచ్చి, పాలు పోసుకునే స్టీలు క్యానులో చేపను దించి, మూతి మీద పల్చని గుడ్డ కట్టాను. మా ఆయన తానూ వస్తానన్నాడు. ఆయన లేకుండా నేను పోయేదాన్నే, కానీ ఇంట్లో ఒక్కణ్ని వదిలితే ఆ నాలుగు గుక్కల మజ్జిగా తాగడని తోడు తీసుకుపోయాను. బస్సులో డ్రైవరు ఈయనకు తెలిసినవాడే. ముందు సీటు ఖాళీ చేయించి కూచోబెట్టాడు.

"ఏందినా, పాలా?" అన్నాడు ఒళ్లో క్యాను చూసి.

"కాదప్పా, పేషంటు," అన్నాడు మా ఆయన.

దారి పొడుగునా గతుకు వచ్చినప్పుడల్లా క్యానును రెండు చేతులతో పైకి లేపి పట్టుకున్నాడు. ఏ మలుపులో గుంత ఉందో ముందే తెలుసు కాబట్టి ఒక్క చుక్క ఒలకలేదు. ఆయన చేతులు అంత సన్నబడ్డాయని నేను అప్పుడు చూశాను. చూసి, చేప తినాల తొందరగా అనుకున్నాను.

పశువుల డాక్టరు దగ్గర గొర్రెలు, మేకలు, ఒక కుక్కపిల్ల, వాటి మనుషులు. మా వంతు వచ్చేసరికి ఎండ వాలింది. ఆయన నడివయసు మనిషి. క్యాను మీది గుడ్డ విప్పి చూసి నవ్వలేదు, అందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం. తెల్లని బేసినులో పోయించి చాలాసేపు చూశాడు.

"నేను ఎనుములు, గొర్రెలు చూసేటోన్నమ్మా. చేపల సంగతి నాకు శానా తెలీదు. ఎన్ని దినాలైంది తినక?"

"తొమ్మిది సార్."

"ఒళ్లేం తగ్గల్యా దీనికి. చేపలు తినకుండా శానా దినాలు ఉండగలవు. దీనికి ఇప్పుడిప్పుడే ఏం గాదు." అని తల ఎత్తి మా ఆయన వైపు చూశాడు. "ఈయనకు ఏమైంది? కండ్లు గుంతలు పోయినాయి. ఒళ్లు శానా తగ్గినట్లుండాడే. ముందు ఈయన్ను చూపించుకోమ్మా యాడన్నా."

నాకు ఒళ్లు మండింది. ఇంతదూరం తెచ్చింది చేపను చూడమని, మొగుణ్ని చూడమని కాదు. "ఆయనకేం లేదు సార్, చేప తింటే ఆయన తింటాడు," అన్నాను. డాక్టరు నన్ను వింతగా చూశాడు. మా ఆయన, "నాకు బాగుంది సార్," అని సగం నవ్వు నవ్వి, బేసినులోంచి చేపను క్యానులోకి వంచుకున్నాడు. బయటికొచ్చాక నేను ఆ డాక్టరును ఒక పదిమాటలు అన్నాను. తెలియకపోతే తెలియదని చెప్పి ఊరుకోవచ్చు గదా, ఊరికే మనుషుల వైద్యం ఎందుకు అన్నాను. మా ఆయన అవునన్నట్టు తల ఊపాడు.

ఆ పొద్దు ప్రొద్దుటూరు చేరే ఓపిక ఇద్దరికీ లేదు. దారిలో జమ్మలమడుగులో మా అక్క ఇల్లుంది. అక్కడ దిగాము. అక్క పొట్టేలు ఎముకల సూపు చేసి, వడకట్టి, గ్లాసులో పోసిచ్చింది. ఆయన బస్సులో కడుపు తిప్పిందని దాన్ని పక్కన పెట్టేశాడు. అక్క నా మొహం చూసింది. నేను క్యాను వైపు చూపించాను. అక్కకు ఏం అర్థమైందో నాకు తెలియదు.

ఆదివారం పొద్దున్నే అక్క నన్ను కూరగాయలకు తోడు తీసుకుపోయింది. అంగడివీధి చివర ఒకామె చేపలు అమ్ముతోంది. చచ్చినవి గోనెపట్టా మీద పరిచింది. పక్కన రెండు పెద్ద ప్లాస్టిక్ తొట్లలో బతికున్న కొర్రమీన్లు, ఒకదాని మీదొకటి పడి కొట్టుకుంటున్నాయి. అంత బలంగా కొట్టుకుంటున్న చేపల్ని చూసి నాకు కడుపు రగిలింది. మురికి నీళ్లు, నెత్తిన ఎండ, అయినా వీటికి ఏ రోగమూ లేదు. అక్క ఆపుతున్నా వినకుండా పోయి, నా చేప సంగతంతా ఆమెకు చెప్పాను. కొనేవాళ్లు వెనక నిలబడి వింటున్నారు. నాకు సిగ్గు అప్పటికే పోయింది.

ఆమె కత్తి ఆపకుండానే అడిగింది. "ఏం నీళ్లు పోస్తాండావు?"

"క్యాను నీళ్లు. ప్లాంటు నుంచి తెప్పిస్తా. కాచి, చల్లార్చి పోస్తా."

కత్తి ఆగింది. "ఎన్నాళ్ల నుంచి?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. మా వీధిలో బోరు నీళ్లు ఉప్పు. పప్పు ఉడకదు, బక్కెట్లకు తెల్లగా పెచ్చు కడుతుంది. అందుకే మా దిక్కు ప్రతి ఇంట్లో రెండు రకాల నీళ్లుంటాయి, వాడుకోవడానికి బోరువి, తాగడానికి క్యానువి. తొట్టిలో మొదట బోరు నీళ్లే పోసేదాన్ని. అద్దం లోపల ఉప్పు పేరుకుని చేప మసకగా కనబడుతోందని ఒక నెల కిందట మార్చాను. మా ఆయనకు డాక్టరు కాచిన నీళ్లే ఇమ్మన్నాడు. ఆయనతో కూచుని తినే దానికి మాత్రం ఉప్పునీళ్లు ఎందుకు అనుకున్నాను. ఆయన కోసం కాచేటప్పుడే దానికీ ఇంకో గిన్నె పెట్టేదాన్ని. ఆ సంగతి బడిలో గొప్పగా కూడా చెప్పుకున్నాను.

"నెలయింది," అన్నాను.

"అయ్యో నా తల్లీ! నీళ్లల్లో ఉండేదంతా పిండేసి ఇచ్చేవి గదమ్మా ఆ క్యాను నీళ్లు. మనకైతే కూడుంటాది, కూరుంటాది, ఏ నీళ్లు తాగినా సరిపోతాది. దానికి యాడుంటాది? పోయిన ఎండాకాలం మా బోరు ఎండిపోతే నేను గూడ ప్లాంటు నీళ్లు పోస్తి. మళ్ల చూసేతలికి కొర్రమీన్లన్నీ తేలిపాయె. రోగం చేపకు ల్యా, నీ నీళ్లకు ఉండాది. పో, మీ ఉప్పునీళ్లే పోయ్. ఒక్కతూరి కుమ్మరించగాకు, అదీ పానం మీదికొస్తాది. గంటకొక చెంబు మార్చు."

నీటిలో కరిగిన లవణాలు, జలచరాలకు వాటి అవసరం. ఎనిమిదో తరగతికి నేనే చెప్తాను ఆ పాఠం, నేనే ప్రశ్న ఇస్తాను, నేనే మార్కులు వేస్తాను. ఆ గోనెపట్టా ముందు నిలబడి నా చదువంతా అక్కడే వదిలేసి పోవాలనిపించింది. రోగమని నేను రోజుకు రెండుసార్లు పోసిందే రోగం. ఎంత ప్రేమ ఎక్కువైతే అంత చంపాను దాన్ని. అయినా ఆ సిగ్గు కంటే సంతోషమే ఎక్కువ. కారణం దొరికింది. చేప తింటుంది, ఈయన తింటాడు. అక్క చర్చికి రమ్మన్నా ఆగకుండా, తొమ్మిది గంటల బస్సుకే ఇద్దర్నీ, అంటే ఆయన్నూ క్యానునూ, ఎక్కించాను.

ఆదివారమంతా గంటకొక చెంబు. సోమవారం బడికి సెలవు పెట్టి, గంటకొక చెంబు. మా ఆయన కుర్చీలో కూచుని చూస్తూ ఉన్నాడు. "ఎందుకే అంత కష్టపడతావు," అన్నాడు ఒకసారి. నేను వినిపించుకోలేదు. సోమవారం సాయంత్రానికి ముడుచుకున్న రెక్క విచ్చుకుంది. మూల వదిలి తొట్టి నడుమకు వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. ఆయన లేచి మంచినీళ్లకని లోపలికి పోయాడు.

మంగళవారం పొద్దున ఆయన నాలుగు గింజలు వేశాడు. మొదటి గింజ నీళ్లు తగిలీ తగలకముందే అది పైకొచ్చి మింగింది. రెండోది మింగింది. మూడోదానికి నోరు తెరుచుకుని ఎదురు చూసింది. నేను గట్టిగా అరిచి, స్తోత్రం చెప్పి, వంటింట్లోకి పరిగెత్తాను. గుడ్డు కొట్టి, అన్నం గుజ్జుగా మెదిపి, నెయ్యి వేసి, గోరువెచ్చగా గిన్నెలో తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"తినింది సూడు. ఇంగ నీ వంతు."

ఆయన చేపను చాలాసేపు చూశాడు. "తినింది," అన్నాడు మెల్లగా. చెంచాతో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను ఎదురుగా నేలమీద కూచుని ఆ నోటినే చూస్తున్నాను. దవడ కదల్లేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి. నొసటి మీద చెమట పట్టింది. రెండుసార్లు మింగబోయి, మూడోసారి భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అందులోకి వదిలేశాడు. తువ్వాలు మడవబోతే చెయ్యి పట్టుకున్నాను. మెతుకుల్లో ఎర్రగా ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"నెలయింది. మొదట్ల ముల్లు గుచ్చుకున్నెట్ల ఉండె. ఇప్పుడు నీళ్లు గూడ దిగల్యా."

"నెల నుంచి? నెల నుంచి నాకెందుకు చెప్పల్యా నువ్వు?"

"చెప్తే తీసకపోయి మళ్ల ఆ బల్లకు కట్టిస్తావు."

కరెంటు పెట్టే గదిలో, తల కదలకుండా, ఆయన మొహం అచ్చుకు తీసి చేసిన ప్లాస్టిక్ ముసుగు వేసి బల్లకు బిగించేవాళ్లు. కళ్లు తెరవడానికి లేదు, కేక పెట్టడానికి లేదు. అందర్నీ బయటికి పంపి తలుపు మూసేవాళ్లు. ఆ నిమిషాల్లో బస్సుకు బ్రేకు పడనట్టు ఉంటుందని ఆయన నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. నేను అయిపోయింది గదా అని ధైర్యం చెప్పి మరిచిపోయాను.

"అది తినడం మానేసిన దినం," అన్నాడు ఆయన తొట్టి వైపు చూస్తూ, "నాకెంత నెమ్మదయిందో నీకు తెలీదు. ఇంగ నువ్వు నన్ను అడగవు, దాన్నే చూసుకుంటావులే అనుకుంటి. అది బాగవుతాంటే నాకు బయమాయె."

చెయ్యి ఎత్తాను. కొట్టేదాన్నే. ఆ చేతిని ఏం చేయాలో తెలియక నా నోటికే అడ్డం పెట్టుకున్నాను. భూతద్దం పెట్టుకుని పొద్దున్నా సాయంత్రం ఒక చేప నోట్లోకి చూశాను. ఎదురుగా కుర్చీలో కూచున్న మనిషిని నోరు తెరువు అని ఒక్కనాడు అడగలేదు. మూడూళ్లు తిరిగి దాని రోగం కనుక్కున్నాను, ఆ మూడూళ్లూ దాన్ని ఒళ్లో పెట్టుకుని మోసింది ఈయన. పులివెందులలో బస్సు కోసం మేము నిలబడింది మనుషుల ఆసుపత్రి గోడ నీడలోనే. ఆయన మీద వచ్చిన కోపమంతా, వచ్చిన దారినే నా మీదికి తిరిగింది. ఏడుపు రాలేదు. ఏడిస్తే ఆ పొద్దు కూడా జరిగిపోతుందని భయం వేసింది.

"నోరు తెరువు," అన్నాను.

మొహం అటు తిప్పుకున్నాడు. నేను కదల్లేదు. చివరికి కిటికీ వైపు తిరిగి తెరిచాడు. లోపల, కోసిన చోటికి ఇంకా వెనక, నాలుక మొదట్లో ఉంది అది. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, అదేమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మళ్ల ఏస్తారా ముసుగు?"

"తెలీదు. ఏసినా ఏస్తారు."

"లోపలికి నువ్వొస్తావా?"

వస్తానని చెప్తే లేచి వచ్చేవాడు. అంత మాటకే ఆశగా చూస్తున్నాడు. కానీ ఈ ఇంట్లో ఒక నెలగా ఇద్దరం ఒకరినొకరం మభ్యపెట్టుకున్నది చాలు అనిపించింది.

"రానీరు. తలుపు బయట ఉంటా. నువ్వు వచ్చేదంక ఆడనే ఉంటా."

ఆయన తొట్టి వైపు చూడలేదు. గిన్నె నా చేతికిచ్చి, కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచి, "చొక్కా తీసుకరాపో," అన్నాడు.